గొర్రెలు బరువు కాదట!

కొత్తకోటలో మిస్త్రీ ఖాజా భాయ్ ఈ రోజు నా ట్రాలీ బండి వెనక ఇరుసులో కొత్త గేర్లు బిగించి ఇచ్చాడు. అవి ఒకదానికొకటి కుదురుకునే దాకా ఖాళీగా, మెల్లగా నడపాలని, మధ్యమధ్యలో ఆపి చల్లారనివ్వాలని మరీ మరీ చెప్పాడు. అలాగే సగం దారిలో ఆపి, టీ తాగి వచ్చేసరికి, రోడ్డు పక్కన గొర్రెలు మేపుతున్న మా మేనమామ సగం మందను ట్రాలీలోకి ఎక్కించేశాడు.

"మామా, కొత్త గేర్లు. లోడు ఎయ్యొద్దన్నరు" అన్నాను.

"లోడు యాడుందిర అల్లుడా? బస్తాలైతే బరువు. గొర్లు వాటి కాళ్ల మీద అవి నిలవడ్డయి గద!"

ఈయనతో ఏం వాదించను? పళ్లు కొరుక్కుంటూ తోలాను. ఊరు దగ్గరపడేసరికి ఇరుసులోంచి ఊళ పెట్టినట్టు ఒకటే చప్పుడు. ట్రాలీ నిండా పెంటికలు, కంపు. మామ మాత్రం దిగుతూ, "ఎనకాల గట్ల మోగుతాందేందిర? గా మిస్త్రీ నిన్ను ముంచిండు" అని గొర్రెలను తోలుకుని పోయాడు.

రేపు ఖాజా భాయ్‌కి ఏం చెప్పాలి? లోడు వేయలేదనా, గొర్రెలు నిలబడే వచ్చాయనా? మీరే చెప్పండి.