ఎవరి బటన్ వాళ్ళే నొక్కాలి

నేను అమెరికాలో మా రాష్ట్ర దిగువ సభకు ఎన్నికైన ఏడాదే మా అమ్మాయికి కాలిఫోర్నియాలో ఉద్యోగం వచ్చి అక్కడి డబ్లిన్ అనే ఊరికి వెళ్ళిపోయింది. నేనూ దాని తండ్రీ విడిపోయి అప్పటికే చాలా కాలమైంది. అందుకని జనవరిలో ఇంటికి తాళం వేసి, సూట్‌కేసూ రైస్ కుక్కరూ కారులో పెట్టుకుని రాజధానికి బయల్దేరినప్పుడు వెళ్ళొస్తానని చెప్పడానికి ఎవరూ లేరు. పక్కింటివాళ్ళకు మాత్రం ఉత్తరాలు తీసి పెట్టమని చెప్పాను.

అంతకు ముందు నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తర్వాత కొన్నాళ్ళు స్కూల్ బోర్డులో ఉన్నాను. మా ఊళ్ళో తెలుగువాళ్ళు చాలామంది నాకోసం ఎండలో ఇల్లిల్లూ తిరిగి ఓట్లు అడిగారు. గెలిచాక వాళ్ళు నన్ను అడిగేవన్నీ వీసాల సంగతులు. అవి రాష్ట్రం చేతిలో ఉండవని చెప్పి చెప్పి అలసిపోయాను. ఒక పుట్టినరోజు పార్టీలో ఒకావిడ, "మరి మీరక్కడ ఏం చేస్తారండీ?" అని నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. రోడ్లు, బడులు, ఆసుపత్రులు, లైసెన్సులు అని చెప్పుకొచ్చాను. ఆవిడ ప్లేటు నింపుకుని వస్తానని లేచి, మళ్ళీ రాలేదు.

రాజధాని చిన్న ఊరు. సభ జరిగే నెలల్లో ఒక పాత ఇంట్లో మేడ మీద గది అద్దెకు తీసుకున్నాను. సభ్యులందరికీ అక్కడ ఏళ్ళ తరబడి స్నేహాలున్నాయి. సభ ముగిశాక ఎవరి గుంపుతో వాళ్ళు భోజనాలకు పోయేవారు. నేను గదికి వచ్చి అన్నం వండుకునేదాన్ని.

మా సభలో పార్టీల వారీగా కాక చీటీలు తీసి సీట్లు ఇస్తారు. నా పక్క సీటు అవతలి పార్టీ పెద్దాయనకు వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. రాష్ట్రం చివర పొలాల మధ్య ఒక కౌంటీ ఆయనది. అక్కడ పశువుల దాణా అమ్మే దుకాణం నడిపి, కొడుక్కి అప్పగించారు. నా పేరు ఆయన నోరు తిరగలేదు. రెండు మూడు సార్లు ప్రయత్నించి, నవ్వి, అప్పటినుంచి నన్ను 'నైబర్' అనేవారు. పొద్దున్నే వచ్చి నా బల్ల మీద ఒక కాఫీ పెట్టి, ఆ రోజు ఏ బిల్లు ఎందుకు నెగ్గుతుందో, ఏది ఎందుకు మూలపడుతుందో చెప్పేవారు. ఓట్లు మాత్రం ఎప్పుడూ ఆయనవి ఒకవైపు, నావి ఒకవైపు.

ఓటు వేయడానికి ప్రతి బల్లకూ బటన్లు ఉంటాయి. ఆకుపచ్చది నొక్కితే అవును, ఎర్రది నొక్కితే కాదు. గోడ మీది పెద్ద బోర్డులో మన పేరు పక్కన ఆ రంగు దీపం వెలుగుతుంది. సభ గంటల కొద్దీ సాగేది. ఎవరైనా బయటికి వెళ్ళాల్సి వస్తే పక్కవాళ్ళకు చెప్పి వెళ్ళేవారు, నాకు పచ్చది నొక్కు, నాకు ఎర్రది నొక్కు అని. ఒకాయన నాలుగు బల్లలు అందుకోవడానికి పొడవాటి చెక్క స్కేలు పెట్టుకున్నాడు. పెద్దాయన బటన్ నేనూ నొక్కాను, నాది ఆయనా నొక్కారు. అది అక్కడి వాడుక.

మొదటి టర్మ్‌లో నేను తెచ్చిన బిల్లు ఒకటే. మందు సీసాల మీద వేసే సూచనలు, అడిగినవాళ్ళకు వాళ్ళ భాషలో ఇవ్వాలని. మా ఊళ్ళో పిల్లల దగ్గరకు వచ్చి ఉండే పెద్దవాళ్ళు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలియక పడే ఇబ్బందులు చూసి రాసింది. ఆ బిల్లు ఓటుకు వచ్చిన పొద్దున నేను మైకు ముందు నిలబడి మాట్లాడుతూ తలెత్తి చూస్తే సభలో సగం కుర్చీలు ఖాళీ. ఓటింగ్ అనగానే బోర్డు మాత్రం నిండిపోయింది. ఎర్ర దీపాలే ఎక్కువ. స్కేలు పెట్టుకున్నాయన తన చుట్టూ ఉన్న బల్లలన్నీ చకచకా నొక్కేస్తున్నాడు. నా మాట విని కాదన్న మనిషి చేతిలో ఓడిపోతే బాధ వేరు. ఆ రోజు నన్ను ఓడించింది అక్కడ లేని మనుషులు.

మా సభ నియమావళిని కొత్త టర్మ్ మొదటి రోజున మామూలు మెజారిటీతో మార్చుకోవచ్చు. ఆ రోజు దాటితే మూడింట రెండొంతులు కావాలి. నేను మళ్ళీ గెలిచి, ఆ మొదటి రోజుకు ఒక్క వాక్యం తయారు చేసుకున్నాను. ప్రతి సభ్యుడూ సభలో ఉండి తన బటన్ తనే నొక్కాలి, మరొకరు నొక్కిన ఓటు చెల్లదు. నా పార్టీ నాయకుడు నన్ను గదికి పిలిపించి, ఇప్పుడు ఇవన్నీ ఎందుకని మెత్తగానే అడిగారు. పెద్దాయన మాత్రం సూటిగా చెప్పారు.

"ఇక్కడ ఎవరికీ ఎవరిమీదా నమ్మకం లేదు, నైబర్. ఈ బటన్ల దగ్గర ఒక్కచోటే మిగిలింది. దాన్నీ తీసేస్తానంటున్నారు."

నేను ఊరుకోలేదు. అంతలో ఒక టీవీవాళ్ళు, కిందటి సభలో కుర్చీ ఖాళీగా ఉన్న మనిషి పేరు పక్కన దీపం వెలగడం చూపించారు. ఇంటి దగ్గర ఓటర్లు అడగడం మొదలుపెట్టేసరికి చాలామంది మనసు మార్చుకున్నారు. పెద్దాయన వ్యతిరేకంగా ఓటేశారు. సవరణ నెగ్గింది.

నెగ్గాక తెలిసింది ఆ నియమం ఎంత బరువైనదో. కాఫీకి లేచిన మనిషి ఓటు గంట వింటే పరుగెత్తుకు రావాలి. దానికి 'బాత్రూమ్ రూల్' అని పేరు పెట్టారు. నేను కనబడితే హాల్లో మాటలు ఆగిపోయేవి. నన్ను ఆరోగ్య కమిటీ నుంచి తీసి, ఎప్పుడోగాని సమావేశం కాని ఒక కమిటీలో వేశారు. క్యాంటీన్‌లో నేను ట్రే పెట్టిన టేబుల్ దగ్గర ఉన్నవాళ్ళు తొందరగా తిని లేచేవారు. కొన్నాళ్ళకు నేనే డబ్బా తెచ్చుకుని నా బల్ల దగ్గర తినడం అలవాటు చేసుకున్నాను. ఖాళీ సభలో పెరుగన్నం తింటుంటే చెంచా చప్పుడు కూడా పెద్దగా వినిపించేది. పెద్దాయన ఒక్కరే మునుపటిలా కాఫీ తెచ్చి మాట్లాడేవారు.

ఆ చలికాలమే ఆయన మొహం ఉబ్బడం మొదలైంది. కిడ్నీలు పాడయ్యాయన్నారు. వారంలో మూడు పొద్దుటి పూటలు డయాలసిస్‌కు వెళ్ళాలి. మా ఓట్లన్నీ పొద్దుటి పూటే.

ఆయన చాలా ఏళ్ళుగా మోస్తున్న బిల్లు ఒకటుంది. ఒక కౌంటీ అంబులెన్సు వేరే పనిలో ఉంటే పక్క కౌంటీది తప్పక రావాలన్నది. అలా రాకపోవడం వల్ల ఆయన ఊళ్ళో పోయిన మనుషుల సంగతి నాకు చాలాసార్లు చెప్పారు. సరిగ్గా ఆ బిల్లు డయాలసిస్ రోజున ఓటుకు వచ్చింది. నేను స్పీకర్ దగ్గరకు వెళ్ళి మధ్యాహ్నానికి మార్చమని అడిగాను. ఒక్కరి కోసం మారిస్తే అందరి కోసం మార్చాలన్నారు. వాయిదా వేయమని సభలో తీర్మానం పెట్టాను. వద్దన్న గొంతులే గట్టిగా వినిపించి, అది వీగిపోయింది.

ఓటింగ్ మొదలైంది. ఆయన బల్ల నా చేతికి అందేంత దగ్గర. నేను నా బటన్ నొక్కి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. బిల్లు తేలిగ్గానే నెగ్గింది. బోర్డు మీద ఆయన పేరు ఒక్కటే దీపం లేకుండా ఉంది. స్కేలాయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

మధ్యాహ్నం పెద్దాయన చేతికి కట్టుతో వచ్చారు. జరిగింది చెప్పాను. "పాసైంది కదా. చాలు," అన్నారు. కానీ ఆ తర్వాత కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. కోపంతో కాదు, అలసటతో అని నాకు నేను చెప్పుకున్నాను.

కొన్ని వారాలకు ఆయన మీద సొంత పార్టీలోనే పోటీకి దిగిన ఒకతను ఇంటింటికీ కరపత్రాలు పంపించాడు. సొంత బిల్లుకే ఓటు వేయని మనిషి అని అందులో పెద్ద అక్షరాలతో వేశారు. అది చూశాక నేను ఊరికే కూర్చోలేకపోయాను. ఆసుపత్రిలో ఉన్న సభ్యుడు అక్కడినుంచే ఫోన్‌లో ఓటు వేయవచ్చని ఒక మినహాయింపు రాశాను. టర్మ్ మధ్యలో కాబట్టి మూడింట రెండొంతులు కావాలి. నాతో మాట్లాడడం మానేసిన మనుషుల గదులకే ఒక్కొక్కరి దగ్గరకు వెళ్ళాను. 'అడిగింది మీరే కదా' అన్న మాట ఎన్ని రకాలుగా అనవచ్చో ఆ వారం విన్నాను. కొందరు నవ్వుతూ అన్నారు, అది ఇంకా కష్టంగా ఉండేది. అయినా ఆయనంటే అందరికీ ఇష్టం. ఆయన కోసం ఒప్పుకున్నారు. లెక్క సరిపోయేలా ఉంది.

ఆయనను మాత్రం అడగలేదు. సంతోషిస్తారనుకున్నాను.

చర్చ రోజున పెద్దాయన బల్ల పట్టుకుని లేచి మైకు అడిగారు.

"నా నైబర్ ఇది నా కోసం తెచ్చారు. మంచి మనసుతో తెచ్చారు," అన్నారు. "ఎవరి బటన్ వాళ్ళు నొక్కాలన్నప్పుడు నేను కాదన్నాను. నా బిల్లు ఓటుకు వచ్చిన పొద్దున నేను చేతికి సూదులతో పడుకుని ఉన్నాను. సగం మగత. అప్పుడు ఎవరైనా నా చేతిలో ఫోన్ పెడితే, ఓటు వేసేది నేనా, నర్సా, మా ఆవిడా? నాకే తెలిసేది కాదు. మా కౌంటీవాళ్ళు పంపింది నన్ను. నేను రాలేకపోతే, రాలేదని వాళ్ళకు తెలియాలి. ఆమె మొదట చెప్పిందే సరైనది."

కూర్చుని ఎర్ర బటన్ నొక్కారు. నేను పచ్చది నొక్కాను. ఆయన మాట విన్నాక నా వైపు చాలా తక్కువమంది మిగిలారు. మినహాయింపు వీగిపోయింది.

"కోపం వచ్చిందా?" అని నెమ్మదిగా అడిగారు.

"వచ్చింది," అన్నాను.

"రావాలి," అన్నారు, బోర్డు వైపు చూస్తూనే.

ఆ సాయంత్రం అమ్మాయికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అది ఓపిగ్గా విని, "ఆయన నీతో అగ్రీ చేశారు కదా అమ్మా. సో నువ్వు విన్ అయ్యావ్. మరి ఎందుకు క్రై చేస్తున్నావ్?" అంది. జలుబు చేసిందన్నాను. వేడినీళ్ళు తాగమంది. దానికి మీటింగ్ టైమైంది.

దానికి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. అందరూ నన్ను తప్పు పట్టినప్పుడు కూడా నాకు అంత ఒంటరిగా అనిపించలేదు. నిండు సభలో నాదే సరి అని ఒప్పుకున్న మనిషి, ఆ సరికి మూల్యం తానే చెల్లిస్తుంటే, పక్క సీట్లో కూర్చుని చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఆయన ఓడిపోతే నన్ను నేను తిట్టుకోవచ్చు, ఆయన తిడితే పడవచ్చు. ఆయన రెండూ నాకు మిగల్చలేదు.

ఆయన ఆ ఎన్నికల్లో నిలబడలేదు. ఆరోగ్యం అని ప్రకటించారు. ఆఖరి రోజున సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన వెళ్తూ నా భుజం తట్టారు. అంతకంటే ఏమీ జరగలేదు.

మరుసటి ఏడు జూన్‌లో ఆయనను చూడడానికి వెళ్ళాను. చాలా దూరం. దారి పొడవునా మొక్కజొన్న. నిమ్మకాయ పులిహోర చేసి పట్టుకెళ్ళాను. వాళ్ళావిడ అందులో ఉప్పెంతని అడిగి, ఆయనకు ఉప్పు కూడదని నొచ్చుకుంటూ ఫ్రిజ్‌లో పెట్టింది. వరండాలో ఆయన పక్కన కూర్చున్నాను. చాలా చిక్కిపోయారు. అంబులెన్సుల చట్టం పనిచేస్తోందా అని అడిగితే, ఒకసారి పక్క కౌంటీది వచ్చిందనీ, సమయానికే వచ్చిందనీ చెప్పారు. ఆ తర్వాత మాటలు అయిపోయాయి. ఇన్నాళ్ళు మేం మాట్లాడుకున్నదంతా సభ గురించే. అది పక్కన పెడితే నాకు ఆయన పొలాలు తెలియవు, ఆయనకు నా ఇల్లు తెలియదు. ఇద్దరం రోడ్డు మీద వెళ్ళే ట్రాక్టరును చూస్తూ కూర్చున్నాం.

కాసేపటికి, "ఇప్పుడు పక్కన ఎవరు?" అని అడిగారు.

"కొత్తతను. కుర్రవాడే. మాట్లాడడు."

"మొదట్లో మీరూ మాట్లాడేవారు కాదు," అన్నారు.

నేను ఇంకేదో చెప్పబోయేసరికి ఆయన కుర్చీలోనే నిద్రపోయారు. వాళ్ళావిడ తలుపు దగ్గరనుంచి సైగ చేసింది, లేపవద్దని. కాసేపు ఉండి, ఆమెతో చెప్పి వచ్చేశాను. కారు తిప్పుతుంటే ఆయన ఇంకా అలాగే ఉన్నారు, గడ్డం ఛాతీ మీదకు వాలి.

నియమం ఇప్పటికీ ఉంది. ఇప్పుడు దాన్ని ఎవరూ ఏమీ అనరు. కొత్తగా వచ్చినవాళ్ళు అది మొదటినుంచీ ఉందనుకుంటారు. నేనూ ఇంకా అక్కడే ఉన్నాను. ఆయనను చూసి వచ్చాక, తర్వాతి జనవరిలో సభ తెరిచిన మొదటి పొద్దున రెండు కాఫీలు కొనుక్కుని త్వరగా వెళ్ళి, ఒకటి పక్క బల్ల మీద పెట్టాను. ఆ కుర్రవాడు వచ్చి చూసి థాంక్స్ అని, తాను కాఫీ తాగనని చెప్పాడు. ఫర్వాలేదన్నాను. మీ ఊరు ఎంత దూరమని అడిగాను. అతను చెప్పడం మొదలుపెట్టాడు. అంతలో సభ మొదలయ్యే ముందు చేసే ప్రార్థనకు లేవమన్నారు.