నీడవైపు సీటు

ముందే చెబుతున్నాను, ఇది ఘనకార్యం కాదు. ఇద్దరు ఆడవాళ్లను రైళ్లు మార్పించి, రెండు రాత్రులు నిద్ర చెడగొట్టి, కొండ దాకా తీసుకెళ్లి, కొండ చూపించకుండా వెనక్కి తెచ్చిన మొనగాడిని నేనే!

అప్పటికి పదేళ్లుగా ఉద్యోగానికి తెనాలి నుంచి బాపట్లకు రోజూ పాసింజర్లో వెళ్లొస్తున్నాను. బండి ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి నీడవైపు సీటు పట్టడంలో నన్ను కొట్టేవాడు లేడు. ఆ పొగరే కొంప ముంచింది.

మా మేనత్త సూర్యలంకలో చేపలమ్ముతూ అరవై దాటించింది. ఒకరోజు "ఒరే, పుట్టినకాడ్నుంచి సముద్రమే చూస్తన్నా. కళ్లు మసకేయకముందే ఒక్కసారి కొండలూ లోయలూ చూపించరా" అంది. తమిళనాడులో సెంగోట్టై దగ్గర పాత చిన్నపట్టాల కొండ లైను త్వరలో మూసేస్తారని సరిగ్గా అప్పుడే పేపర్లో పడింది. "పద అత్తా, నేనున్నాగా!" అని మా ఆవిడనూ బయల్దేరదీశాను.

ఆ స్టేషన్లో తిరనాళ్ల జనం. అంతా ఆ బండికి వీడ్కోలు చెప్పడానికి వచ్చినవాళ్లే. తువ్వాలు విసిరాను. కుడివైపు చల్లటి నీడలో మూడు సీట్లు! ఎడమవైపు ఎండలో కూర్చున్న నెల్లూరాయన ఒకడు, మెడలో కెమెరాతో, పాపం పిలిచాడు కూడా.

"అన్నా, ఇటు రండి. ఈ కిటికీ ఖాళీగా ఉంది."

"వద్దండి, ఎండండి" అన్నాను జాలిగా.

"అందరూ ఆ ఎండలోకే ఎగబడుతున్నారేంటండీ?" అని మా ఆవిడ అడిగింది.

"రైలెక్కడం తెలియని జనం!" అన్నాను.

బండి కొండెక్కాక తెలిసింది, ఆ నీడ ఎవరిదో. కొండది! మా కిటికీకి మూరెడు దూరంలో తడి రాతిగోడ మొదలైంది. ఎడమవైపేమో లోయ, ఏరు, పదమూడు కమానుల వంతెన, జనం ఈలలు. దూరపు కొండలు నునుపంటారు. మా కొండ ముక్కు గీరుకుపోయేంత గరుకు.

"వాళ్లంతా ఎందుకురా అరుస్తన్నారు?"

"లోయ కనిపిస్తోందంట అత్తా."

"మరి మనకి గోడేంట్రా?"

"ఇదే కొండత్తా!"

"దీని మొహం! దీనికోసం రెండు రాత్రులు కూర్చోబెట్టావా?"

పరువు పక్కనపెట్టి లేచాను. "నెల్లూరన్నా, కాస్త సర్దుకుంటే మా అత్త..."

"వద్దండి, ఎండండి" అన్నాడాయన, కెమెరాలోంచి కన్ను తీయకుండానే.

అత్త మునివేళ్ల మీద నిలబడి లోయవైపు చూసింది. పాపం, ఆవిడకు కనబడినవి వీపులు. నాకు ప్రాణం చివుక్కుమంది.

మధ్యాహ్నం అదే దారిన తిరుగు ప్రయాణం. "ఈసారి లోయంతా నీదే అత్తా!" అని తువ్వాలు విసిరి ఎడమవైపు సీట్లు పట్టాను.

"ఏవండీ, బండి ఇప్పుడు ఇటు తిరిగి వెళ్తోంది కదా, మరి..." అని మా ఆవిడ ఏదో అనబోయింది.

"నువ్వూరుకో. పొద్దున కుడివైపు కూర్చున్నాం, గోడొచ్చింది. ఇప్పుడు ఎడమవైపు కూర్చుంటే లోయొస్తుంది. పదేళ్ల సర్వీసు నాది!"

పావుగంట గడిచింది. అత్త కిటికీకి మొహం ఆనించి ఒక నిట్టూర్పు విడిచింది.

"ఒరే, ఈ పగులు పొద్దున చూశానురా."

బండి మొహం తిప్పుకుంది గానీ కొండ తిప్పుకోలేదండీ! సిగ్గుతో చచ్చిపోయాను. మళ్లీ తీసుకెళ్దామనుకునేలోగా ఆ లైనే మూసేశారు.

సూర్యలంకలో ఆడవాళ్లంతా అత్త చుట్టూ మూగారు. "కొండెట్టా ఉందే?"

"ఏముందే, గోడ! పోతా గోడే, వస్తా గోడే. మజ్జలో బండి పోతది. కొండంటే అంతే!"

ఆ పూటే అక్కడే సముద్రం వైపు తిరిగి ఒట్టేసుకున్నాను, ఈ జన్మలో ఎవరికీ రైల్లో సీటు పట్టనని. పెద్ద త్యాగమేం కాదు లెండి. నేను పట్టిన సీట్లో కూర్చోనని మా అత్త అప్పటికే ఒట్టేసేసింది.