నాకు రాని కన్నడ

దయ్యాలను, పూనకాలను నేను ఎన్నడూ నమ్మలే. ఎవరికన్న పూనకమొస్తే, ఏ యాసల మాట్లాడుతున్నరా అని చెవి పెట్టి ఇనే రకం నేను. హైదరాబాద్‌ల యూనివర్సిటీల భాషాశాస్త్రం ఎమ్మే చదువుతున్న. మాది నారాయణఖేడ్. "సరిహద్దు పిల్లవు, నీకు అల్కగ వస్తది" అని మా సార్ నాతోని కన్నడ పేపర్ తీయిపిచ్చిండు. ఆ పేపర్లనే తప్పిన.

పోయిన ఎండాకాలం నా దోస్తు సునీత వాళ్లక్క లగ్గానికి నాగల్‌గిద్ద పోయిన. పెండ్లిపిల్లగాడు కర్ణాటక దిక్కోడు. లగ్గం మంచిగనే అయింది. లొల్లి బంతి భోజనాల కాడ షురువైంది.

పిల్లగాని తాత అలిగిండు. జీపు దిగంగనే కాళ్లకు నీళ్లియ్యలేదట. పందిరి గుంజకు ఒరిగి, మొకం అటు తిప్పుకొని కూసున్నడు. ఆయన తినకుంటే వాళ్లోళ్లు ఎవ్వరు తినరు. వాళ్లు ముట్టకుంటే ఈడోళ్లు ఎట్ల ముడ్తరు? అందరు విస్తర్లు ముందలేసుకొని కూరల దిక్కు చూస్తున్నరు. సునీత వాళ్ల నాయిన దండం పెట్టిండు. పిల్లగాడు బతిలాడిండు. తాత కదల్లే.

"గిట్లనే ఉంటె పిల్లను తోల్కపోకుంటనే మర్లుతరేమో" అని సునీత ఏడ్వబట్టింది.

నేను పప్పు బకీటు పట్టుకొని తాత ముంగటికెల్లి పోతున్న. ఆగిన. నోరు తెరిచిన. గంతవరకే యాదికుంది.

మిగిలింది సునీత మేనత్త చెప్పింది. ఆమెను ఆ దిక్కే ఇచ్చిన్రు, కన్నడ బాగొస్తది. నేను బకీటు కింద పెట్టి, నడుం మీద చెయ్యేసుకొని, ఆయనను గడగడ కన్నడల తిట్టిన్నట.

"'గుండూ, మల్ల షురూ జేసినవా? లే, ముక్కు తుడ్సుకో. రొట్టె అంచులు ఇడ్సిపెడ్తె ఈపు పల్గుతది' అన్నవే పిల్లా! గంత పెద్దమనిషిని!"

తాత లేచిండు. ముక్కు తుడ్సుకున్నడు. బంతిల కూసొని జొన్నరొట్టె అంచులతోని సహా తిన్నడు. ఇగ చూడు, పందిరి పందిరంత విస్తర్ల మీద పడ్డది.

తాత చెయ్యి కడుక్కొని నా దగ్గరికొచ్చి ఏందో అడిగిండు. నాకొచ్చిన ఒక్క ముక్క చెప్పిన: "ననగె కన్నడ బరల్ల." నాకు కన్నడ రాదు అని. ఆయన మేనత్త దిక్కు మర్లి చెప్పిండు, ఆమె నాకు తెలుగుల చెప్పింది. గుండు అని ఆయనను వాళ్లమ్మ ఒక్కతే పిలిచేదట. ఆయన చిన్నగున్నప్పుడే ఆమె పోయింది. ఆ పేరు కన్నకొడుకులకు గూడ తెల్వదు.

మా సార్‌కు చెప్పిన. "రికార్డు చేసినవా?" అన్నడు. లేదంటే పరేషానయిండు. చిన్నప్పుడు అంగడిల ఇన్న కన్నడ మనసుల ఏ మూలనో ఉండి ఉంటదన్నడు. ఉండొచ్చు. మరి ఆ పేరు సంగతేంది సార్ అంటే, "పా, చాయ్ తాగుదాం" అన్నడు.

మొన్న సునీత వాళ్లక్క అత్తగారింటి నుంచి ఫోన్ చేసి తాతకిచ్చింది. ఆయన కన్నడల మస్తుసేపు మాట్లాడిండు. నాకు సమజ్ కాలే, "హూ, హూ" అనుకుంట ఇన్న. ఆఖరికి ఏందో అడిగి ఆగిండు. జవాబు కోసం చూస్తున్నడని తెలుస్తనే ఉంది.

ఆ పొద్దు నా నోట్లకెల్లి మాట్లాడింది ఎవరో నాకు ఇయ్యాల్టికీ తెల్వదు. నేనేం చెప్పాలె?

ఆయన ఫోన్ పెట్టలే. నాకు గూడ పెట్టబుద్ధి కాలే.