కంచమంత స్టీరింగ్

పోయిన నెల మా మేనమామ చనిపోయాడు. పొద్దున తయారై వాకిట్లోకి వచ్చి, ఛాతీ పట్టుకుని మెట్ల మీద కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. ఫోన్ చేసింది మా అత్తే. "మీ మామ పోయిండు బిడ్డా" అని కాసేపు ఏడ్చి, "ఏం తినకుంటనే పోయిండు. గా దిక్కుమాలిన కారు..." అని పళ్లు కొరికింది. ఏడుపులో కూడా ఆమెకు విసుగు ఆగలేదు. ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చుంటే నాకూ ఆగడం లేదు.

మామకు మెదక్‌లో పిండిగిర్ని ఉండేది. భారీ మనిషి, తిండి అంటే ప్రాణం. పప్పులో నెయ్యి తక్కువైతే ఆ పూటంతా మూతి ముడుచుకునేవాడు. అయితే శనివారం మాత్రం ఒక్కపొద్దు. చీకటి పడేదాకా చాయ్ తప్ప ఏమీ ముట్టేవాడు కాదు. గిర్ని బంద్ ఉండేది కూడా ఆ రోజే కాబట్టి, కారు పని ఏదున్నా శనివారాలే.

దేశంలోకి రకరకాల కార్లు దిగుతున్న కాలంలో, ఎవరో ఇచ్చిన విదేశీ పత్రికలో మామ ఒక బొమ్మ చూశాడు. ఎర్రటి రెండు సీట్ల కారు, పైకప్పు లేదు, నేలకు అంటుకున్నట్టు ఉంది.

"కొనాలంటె ఉన్న పొలమంత అమ్మాలె. మనమే చేసుకుంటె అయిపాయె గద" అన్నాడు, అప్పడాలు చేసుకుంటానన్నంత తేలిగ్గా.

పాత టాక్సీ ఒకటి తెచ్చి, అడుగు భాగం కోయించి కురచ చేయించి, పైన ఫైబర్ బాడీ పోయించాడు. దూరం నుంచి చూస్తే అచ్చం బొమ్మలో కారే. దగ్గరికొస్తే ఎర్ర రంగు పూసిన కప్ప.

అత్తది టేక్మాల్. పెళ్లయినప్పటి నుంచి పుట్టింటికి బస్సులోనే వెళ్లేది. తమ్ముళ్లు జీపులు కొన్నాక ఆమెకు పౌరుషం వచ్చి, "మా ఆయన కారు చేస్తుండు, ఈ దసరకు దాంట్లనే వస్త" అని ఊరందరికీ చెప్పేసింది. ఆ దసరా పోయింది. ఆ తర్వాతవీ పోయాయి. మరదళ్లు "కారేది వదినా?" అని నవ్వుకుంటూ అడిగేవారు. బస్సు దిగి ఇంటిదాకా నడిచే ఆ కాస్త దూరం తల తీసేసినట్టుండేదని అత్త నాతో అనేది.

ఇంజన్ నడిచింది, బ్రేకులు పట్టాయి. కారు స్టీరింగ్ దగ్గర ఆగిపోయింది. టాక్సీది చాలా పెద్ద స్టీరింగ్. ఈ సీటేమో నేలబారు. మామ కాళ్లు లోపల పెడితే తొడలు దాని కింద ఇరుక్కుపోయేవి. చిన్నది కావాలి. ఎంత చిన్నది? ఈ ఒక్క ప్రశ్న ఏళ్ల తరబడి మా ప్రాణాలు తీసింది.

ఎవరైనా అయితే టేపు పెట్టి కొలుస్తారు. మామ పద్ధతి వేరు. "టేపుకేం ఎరుక బిడ్డా? చేత్ల పట్టి చూడాలె" అని, అత్త వంటింట్లోని కంచాలు, తాంబాళాలు, గిన్నెల మూతలు ఒక్కొక్కటే పట్టుకొచ్చి, అంచుకు నల్ల టేపు చుట్టి, సీట్లో కూర్చుని రెండు చేతులా తిప్పేవాడు. నోటితో గేర్ల చప్పుడు కూడా చేసేవాడు. నేనప్పుడు కాలేజీలో చదువుతున్నాను. శనివారాలు కారు ముందు నిలబడి, కంచం వెనక ఆయన ముఖం కనిపిస్తోందో లేదో చెప్పడం నా పని.

"కనవడుతున్ననా?"

"కనవడుతున్నవ్ మామా."

"ఎంత?"

ఎంతంటే ఏం చెప్పను?

ఒకసారి చుట్టాలు భోజనానికి కూర్చున్నాక చూస్తే ఇంట్లో కంచాలు లేవు. అత్త గరిటెతో వాకిట్లోకి వచ్చి, "తల్లెలు తెస్తవా, నీ నెత్తి మీద వడ్డియ్యాల్నా?" అని అరిచింది. మామ నింపాదిగా కుడివైపు మలుపు పూర్తి చేసి మరీ ఇచ్చాడు.

నా చదువు అయిపోయింది, ఎల్దుర్తిలో టీచరు ఉద్యోగం వచ్చింది, సైజు మాత్రం తేలలేదు. మరీ చిన్నదైతే తిప్పడం బరువు, పెద్దదైతే తొడలు పట్టవు. చివరికి, రోజూ తను అన్నం తినే కంచమే సరైన సైజని కనిపెట్టాడు. ఇన్నేళ్లూ మూడు పూటలా ముందు పెట్టుకున్నది! ఆ కంచాన్ని సంచిలో వేసుకుని హైదరాబాద్ పాత సామాన్ల బజారంతా నన్ను తిప్పాడు. "గింత సైజుది కావాలె" అని కంచం చూపిస్తే ఒక దుకాణదారు హోటల్‌కు దారి చెప్పాడు. ఆఖరికి ఒకచోట తోలు తొడిగిన స్టీరింగ్ దొరికింది. కంచం మీద పెడితే అంచుకు అంచు కలిసింది. మామకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకేమో బస్సు తప్పిపోతుందని కంగారు.

ఆ స్టీరింగ్ టాక్సీ కడ్డీకి పట్టలేదు. మధ్యలో ఒక ఇనుప ముక్క వేయించి బిగిస్తే, స్టీరింగ్ నాలుగు వేళ్లు ఛాతీ వైపు జరిగింది. శనివారం కూర్చుని చూసి "మస్తు సరిపోయింది" అన్నాడు.

అప్పటికి తెలంగాణ ఉద్యమం ఊరూరా సాగుతోంది. టేక్మాల్‌లో అత్త తమ్ముడి కూతురి పెళ్లి. అది ఆదివారం. అత్త పట్టుచీర కట్టుకుని మామ పక్కన కూర్చుంది. నేను వెనక స్కూటర్ మీద, స్పానర్ల సంచితో. మెదక్ దాటామో లేదో రోడ్డుకు అడ్డంగా వంటావార్పు. రాష్ట్రం కోసం జనం నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకు తింటున్నారు.

"దిగుండ్రి అన్నా, జర తిని పోవాలె" అన్నారు.

అన్నం పెడతామంటే వద్దనే మనిషా ఆయన? పప్పు, పచ్చిపులుసు, వంకాయకూర, మళ్లీ పప్పు. అత్త కారులోంచి చూస్తూనే ఉంది, ముహూర్తం దాటిపోతూనే ఉంది.

దారి వదిలాక మామ వచ్చి కూర్చున్నాడు. స్టీరింగ్ పొట్టలో దిగింది. ఊపిరి బిగబడితే తప్ప అది తిరగదు. అప్పుడు మాకు అర్థమైంది. ఇన్నేళ్ల కొలతలూ ఒక్కపొద్దు నాడు, ఖాళీ కడుపుతో తీసినవి.

"మనిషివేనా నువ్వు?" అంది అత్త.

"పరేషాన్ గాకు. జర అరగనీ" అని మామ దిగి, జెండాలు పట్టుకున్న జనంతో కలిసి జై తెలంగాణ అంటూ రోడ్డు మీద ముందుకూ వెనక్కూ నడిచాడు. అన్నం అరగడానికి ఉద్యమంలో నడిచింది ఆయనొక్కడే అయ్యుంటాడు.

టేక్మాల్ చేరేసరికి పెళ్లి అయిపోయింది. కానీ కారు చప్పుడుకు పందిట్లో ఉన్నవాళ్లంతా బయటికి వచ్చారు. అత్త పుట్టింటి ముందు దిగి, కొంగు సర్దుకుని, కారు తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది. ఆమె ముఖం చూశాక నాకు ఆ శనివారాలన్నీ మాఫ్ చేయాలనిపించింది.

భోజనాల దగ్గర మామ కనిపించలేదు. పందిరంతా మటన్ వాసన. ఆయన బయట కారుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అత్త తమ్ముడు చేయి పట్టి లాగుతున్నాడు.

"వద్దు బామ్మర్దీ. తింటె తిప్పలేను. మీ అక్కను మల్ల బస్సుల తీస్కపోవాల్నా?"

ఆ ఇనుప ముక్క తీసేయించి వేరే స్టీరింగ్ పెట్టించమని తర్వాత ఎంత మొత్తుకున్నామో. "స్టీరింగ్‌ది తప్పేం లేదు బిడ్డా. తప్పు కడుపుది" అనేవాడు. అంతే, మార్చలేదు. అత్తను కారెక్కించిన ప్రతిరోజూ ఆయనకు ఒక్కపొద్దే. ఇంటికి రాగానే అత్త చీర కూడా మార్చకుండా, తిడుతూ ఆ కంచంలో అన్నం పెట్టేది. అంత మొండి మనిషిని నేనెక్కడా చూడలేదు. నాకు ఆయనంటే చాలా ఇష్టం.

పోయిన రోజు పొద్దున కూడా అత్తను టేక్మాల్ తీసుకెళ్లాలనే తయారయ్యాడు. అందుకే తినలేదు.

దినాల నాడు ఆయనకు ఇష్టమైనవన్నీ వండారు. అత్త ఆ కంచమే తీసింది. అంచు చుట్టూ టేపు జిగురు మరక, ఇన్నేళ్లు తోమినా పోలేదు. అన్నం, పప్పు, మటన్, పైన నెయ్యి నిండుగా వడ్డించి వాకిట్లోకి నడిచింది. కాకి పిట్టకు పెడుతుందేమో అనుకున్నాం. ఆమె కారు తలుపు తీసి, కంచాన్ని మామ సీట్లో పెట్టింది.

"ఇగ కడుపునిండ తిను" అంది. "యాడికి పొయ్యేది లేదు."

తలుపు వేసి లోపలికి వచ్చేసింది. స్టీరింగ్ కింద అన్నం చాలాసేపు పొగలు కక్కుతూనే ఉంది.