గోడ అవతలికి వినిపించిన మాట

ఆ రోజుల్లో, అంటే వాదనలో ఓడిస్తే మనిషి మారిపోతాడని నేను గట్టిగా నమ్మిన రోజుల్లో, చేవెళ్లలో కిరాయి గదిలో ఉంటూ ట్యూషన్లో సైన్సు చెప్పేవాడిని. సాయంత్రం దొరికినవాళ్లకల్లా దేవుడు లేడని నిరూపించేవాడిని (ఎక్కువమంది బస్సు కోసం నిలబడ్డవాళ్లే, పారిపోలేరు). ఆ గదికి మా మేనమామ వచ్చి చేరాడు. కనకమామిడిలో ఒంటరి మనిషి. నోటి దురుసుకు ఊరంతా దూరమైంది. షుగరు పుండు ముదిరి ఎడమకాలు మోకాలి కిందికి తీసేశారు. వాకర్ పట్టుకుని నడవకపోతే ఇక మంచానికే అంకితమని దవాఖానలో చెప్పి పంపారు. మామ గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి వద్దన్నాడు. నన్ను తిట్టడానికి తప్ప నోరు తెరవడు.

ధైర్యం చెప్పడం సైన్సు బాధ్యత అనుకుని కుర్చీ లాక్కున్నాను. రక్తప్రసరణ, నరాలు, పుండు ఎందుకు మానదు, షుగరు ఇట్లాగే ఉంటే రెండో కాలికి ఏమవుతుంది, అన్నీ ఒక్క అబద్ధం లేకుండా వివరించాను. మామ ఓపికగా విన్నాడు. "అయిందారా? నువ్వు జెప్పినంక ఉన్న కాలు గూడ గుంజుతున్నది" అని ముసుగు తన్నాడు.

పక్కగదిలో కుట్టుమిషనుతో బతికే ఒక అక్క ఉండేది. మాటకు ముందు స్తోత్రం అంటుంది కాబట్టి వాడకట్టుకంతా స్తోత్రమక్క. వాళ్ల చర్చిలో ఒక అలవాటు ఉంది. ఆదివారం ప్రార్థన కాగానే, పక్కన కూర్చున్నవాళ్లలో తాము కళ్లారా చూసిన మంచి ఒకటి వాళ్ల ముఖం మీదే చెప్పి ఇంటికి వెళ్లాలి. ఈమె మాత్రం వారమంతా ఆదివారంలాగే గడిపేది. ఆమె జొన్న గటుక గిన్నెతో వస్తే గుమ్మంలోనే ఆపాను. లేస్తవు, ఉరుకుతవు అంటూ ఉత్త మాటలు చెప్పి ఆశపెట్టవద్దని షరతు పెట్టాను. "అబద్ధమాడితె మా దేవుడు గూడ ఒప్పుకోడు తమ్మి" అంది శాంతంగా.

మామ ముందు కూర్చుని ఆయనను చూస్తూ చాలాసేపు ఊరుకుంది. నేను లోపల పండుగ చేసుకున్నాను. మా మామలో మంచి వెతకడం సొంత చెల్లెలైన మా అమ్మకే చేతకాలేదు. చివరికి ఆమె అంది: "అన్న, మీరు తిడుతుంటె మాట ఎంత సాఫ్‌గ ఉంటదో. మిషను నడుస్తున్నా గోడ అవుతలికి ఒక్క ముక్క పోకుండ వినొస్తది. ఒక్కదాన్నే ఉంట గదా, ఇంట్ల మనిషి ఉన్నట్టే అనిపిస్తది."

ముసుగు తొలగింది. "నిన్న ఏమన్న, జెప్పు చూద్దం" అన్నాడు మామ. ప్రార్థన చేసే గొంతుతోనే ఆమె మొత్తం అప్పజెప్పింది (అన్నీ నా మీద తిట్లే). మామ నవ్వాడు. గటుక గిన్నె ఖాళీ చేశాడు. తెల్లారి వాకర్ అడిగాడు. "గోడ అడ్డమున్నదిరా. వాకిట్ల నిలవడి తిడితె ఇంక మంచిగ వినొస్తది."

వానాకాలం వరకు వాకిట్లో నిలబడి నన్ను తిట్టాడు. ఆ తర్వాత రెండో కాలికి నేను చెప్పినట్టే అయింది. మామ పోయాడు. నా సైన్సు గెలిచింది. అంత దరిద్రపు గెలుపు నాకు మళ్లీ రాలేదు.

"గోడ సప్పుడు జేస్తలేదు తమ్మి" అనేది అక్క, మిషను ఆపి. గది ఖాళీ చేసేరోజు, నాకేమీ లేదా మంచిమాట అని నవ్వుతూ అడిగాను. ఆమె మామ కోసం ఆలోచించినదానికంటే ఎక్కువసేపు ఆలోచించింది. "దొరికినప్పుడు జెప్త" అంది.

మొన్న మొయినాబాదులో బస్సు కోసం నిలబడితే కనిపించింది. జుట్టంతా నెరిసింది, చూపు తగ్గి మిషను మానేసిందట. ఇంకా దొరకలేదా అక్కా అన్నాను. నా చెయ్యి పట్టుకుంది.

"దొరికింది తమ్మి. నమ్మకం లేదంటవు గని, ఒక్క మాట కోసం ఇన్నేండ్లు ఆగినవు."

దానికి జవాబు నా దగ్గర లేకపోలేదు. నమ్మకం వేరు, ఎదురుచూపు వేరు అని గంటసేపు మాట్లాడగలను. పైగా ఆమె కూడా బస్సు కోసమే నిలబడింది, పారిపోలేదు. అయినా ఎందుకో ఆమె సంచి అందుకుని బస్సు వచ్చేదాకా పక్కనే నిలబడ్డాను. మామ చూసి ఉంటే, "నోరు వడిపోయిందారా" అని వాడకట్టంతా వినేట్టు తిట్టేవాడు.