మా మేనల్లుడి దణ్ణాలు

మొన్న తాడేపల్లిగూడెంలో మా కింది వాటా అమ్మాయి, అయిదు నెలల పాప నిద్రలో ఉలిక్కిపడుతుంటే ఫోనులో వీడియో తీసి ఆ పూటే డాక్టరుకు చూపించి, భయమేమీ లేదన్నారండీ అంటూ నవ్వుతూ మెట్లెక్కి వచ్చి చెబితే, నాకు మా అక్క గుర్తుకొచ్చింది.

అప్పట్లో నేను ఆకివీడులో ఓ దినపత్రికకు వార్తలు రాసేవాణ్ణి. వార్తలంటే ఏముంది, చేపల ధరలు, లారీల రద్దీ, కొల్లేటి నీటిమట్టం. సెలవు దొరికితే మండవల్లిలో అక్క అత్తవారింట్లో వాలిపోయేవాణ్ణి. అక్క మామగారు అర్చకులు. ఆ ఏడు పుట్టిన మా మేనల్లుడికి అయిదో నెల దాటుతుండగా ఓ కొత్త అలవాటు మొదలైంది. నిద్ర లేవగానే తల వంచి, రెండు చేతులూ ముందుకు తెచ్చి, క్షణం ఆగి వదిలేసేవాడు, మళ్లీ అలాగే. అర్చకుల ఇంట్లో అది దణ్ణం కాక మరేమవుతుంది? మామగారు మురిసిపోయి ఊరంతా చెప్పుకొచ్చారు. ఇరుగుపొరుగులు అరటిపళ్లు పట్టుకుని వాడు లేచే వేళకు వచ్చి కూర్చునేవారు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నేనూ ఫొటోతో ఓ బాక్సు ఐటమ్ రాద్దామనే వెళ్లాను. దణ్ణాల లెక్క కూడా రాసుకున్నాను: పొద్దున పదమూడు, ఒక్కోదానికీ మధ్య అయిదారు సెకన్లు, మధ్యాహ్నం పదకొండు.

"ఏవండీ విలేకరిగారూ, మావాణ్ణి మొదటి పేజీలో వేయించాలి. చేపల ధరల కింద పడేస్తే ఒప్పుకోను" అని మామగారి వేళాకోళం.

వంటింటి గుమ్మం దగ్గర అక్క నన్ను ఆపింది. "ఒరేయ్, దణ్ణం పెట్టాక ఏడుస్తున్నాడు చూశావా? చేతులు పట్టుకున్నా ఆగట్లేదురా. అత్తయ్యగారేమో కడుపునొప్పంటున్నారు."

నేను డాక్టరు మాట ఎత్తితే, అన్నప్రాశన కానివ్వండి, చూద్దాం అన్నారు మామగారు. అన్నప్రాశన ఇంకా మూడు వారాలుంది. అంతవరకూ ఆయన ఎదుట గొంతెత్తి ఎరగని అక్క బయటికొచ్చింది.

"దణ్ణం ఎవరికి పెడుతున్నాడో నాకు తెలీదు మావయ్యగారూ. పదిరోజులై నన్ను చూసి నవ్వడం లేదండీ."

ఆయన గుడి తాళాలు తన తమ్ముడి చేతిలో పెట్టి, మనవణ్ణి భుజాన వేసుకుని ఏలూరు బస్సు కోసం మా అందరికన్నా ముందు పరుగెత్తారు.

తీరా ఏలూరులో పిల్లల డాక్టరమ్మగారి దగ్గర వాడు హాయిగా నిద్రపోయాడు. లేచేదాకా ఉండండి అన్నారావిడ. అందరం చుట్టూ కూర్చున్నాం. లేచాడు, తల వంచాడు. ఆవిడ కాసేపు చూసి, నా కాగితం తీసుకుని రెండుసార్లు చదివారు.

"ఇది ఫిట్సండీ. పసిపిల్లలకు కాళ్లూ చేతులూ కొట్టుకోకుండా ఇలాక్కూడా వస్తుంది. నిద్ర లేవగానే వరసగా ఇలా వస్తున్నా, నవ్వు తగ్గినా ఒక్కరోజు కూడా ఆగకూడదు. ఎదుగుదల దెబ్బతింటుంది. ఈ లెక్క రాసుకొచ్చి మంచి పని చేశారు."

ఎందుకు రాశానో మాత్రం నేను చెప్పలేదు.

విజయవాడలో తలకు తీగలు అతికించి చేసిన పరీక్షలోనూ అదే తేలింది. కొన్ని వారాలు మందులు వాడారు. అందరు పిల్లలకూ ఇంత బాగా తగ్గదని, మీ అదృష్టమని డాక్టరమ్మగారే చెప్పారు. ఒకనాటి పొద్దున వాడు లేచి, తల వంచకుండా, అక్క ముక్కుపుడక పట్టుకుని లాగి కిలకిలా నవ్వాడు. అక్క కళ్లనీళ్లు పెట్టుకుంటే, "లాగనీ అమ్మా, ఇంకోటి చేయిస్తాలే" అన్నారు మామగారు. ఆ తర్వాత ఆయన పసిబిడ్డతో గుడికొచ్చిన ప్రతి తల్లినీ తీర్థం ఇస్తూ, లేవగానే నిన్ను చూసి నవ్వుతున్నాడా అమ్మా అని అడిగేవారు.

ఇప్పటి తల్లులు ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, అనుమానం వస్తే బండి తీసి తామే వెళ్లిపోతారు. సంతోషమే. కాకపోతే ఆసుపత్రి వరండాలో, నిద్రపోయే బిడ్డ చుట్టూ చేరి ఎప్పుడు లేస్తాడా అని ఊపిరి బిగబట్టి కూర్చునే మనుషులే, మునుపటిలా కనబడటం లేదు.