జీను కింది సగం మెత్త

నా చేతి కుట్టును మెచ్చుకోనివాళ్లు జహీరాబాదులో లేరని నేనే చెప్పుకుంటాను. చెప్పుకుంటే తప్పేముంది? బొంతలు కుట్టాను, రవికెలు కుట్టాను, ఆఖరికి గుర్రానికి మెత్త కూడా కుట్టాను. ఆ మెత్త సంగతి మాత్రం అడిగినవాళ్లకూ చెబుతాను, అడగనివాళ్లకూ చెబుతాను.

నేను కాపురానికి వచ్చింది పంతొమ్మిది వందల యాభైల చివర్లో. మా మామకు మొగుడంపల్లి దారిలో అల్లం చేను ఉండేది. మోకాళ్లు పట్టేసి ఆయన నడవలేకపోయేవాడు. చేనికి పోవాలంటే వాగు దాటాలి, తర్వాత బండి పోని గట్లు. అందుకని ఒక ఎర్ర ఆడగుర్రాన్ని పెట్టుకున్నాడు. పొద్దున్నే జీను వేసుకుని బయలుదేరితే, అబ్బో, ఆ ఠీవి చూడాలి! గుర్రం కదలని రోజున గడపలో కూర్చుని అందరి మీదా అరిచేవాడు.

ఒక ఏడు ఆ గుర్రం ఈనింది. పిల్లకు పాలిచ్చి ఇచ్చి చిక్కిపోయింది. మెడ వీపును కలిసే చోట మూపు ఎముక పైకి తేలింది, దాని వెనక రెండు పక్కలా కండ దిగి గుంటలు పడ్డాయి. జీను ముందుకు ఒరిగి సరిగ్గా ఆ ఎముక మీదే కూర్చునేది. పుండు పడింది. మామ సంతకు పోయి మంచి కొత్త గొంగడి తెచ్చి, నాలుగు మడతలు పెట్టి జీను కింద వేశాడు. ప్రేమతో చేసిన పనే, కాదనను. కానీ కొత్త గొంగడికి చింతగింజల గంజి పట్టించి ఉంటుంది కదా! చెమటకు అది జిగురై, ఆరాక అట్టలా బిగిసింది. పుండు ఇంకా పెద్దదైంది.

"ఇగ దీనితోని గాదు," అన్నాడు మామ. బీదరు వైపు బేరగాడు ఒకడుండేవాడు, పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పేవాడు. అమ్ముతానని వాడికి కబురు పోయింది. దసరా దాటినంక వచ్చి తోలుకుపోతానన్నాడట. ఆ రోజు మామ అన్నం ముట్టలేదు. గుర్రం పోతే ఈయన చేను ముఖం చూడడు, మంచం పడతాడు అని నాకు భయం పట్టుకుంది.

మా ఇళ్లలో కోడళ్లు మామలతో నేరుగా మాట్లాడరు. అత్తమ్మకు చెప్పాలి, మామ వినాలి. నా గొంతు గోడలకు ఆగేదా!

"అత్తమ్మా, బిగుతు రవికె లోపట ఇంకో రవికె తొడిగితే సుఖమైతదా? గుర్రానికి గట్లనే చేసిన్రు!"

అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మామ కాసేపు దగ్గాడు. "ఎట్ల చెయ్యాల్నో ఆమెనే చెప్పుమను," అన్నాడు గోడను చూస్తూ.

పుండు మానేదాకా జీను ముట్టొద్దన్నాను. రోజూ వేపనూనెలో పసుపు కలిపి రాశాను. చర్మం గట్టిపడ్డాక ఒక పొద్దున చాటలో జొన్నపిండి తెచ్చి గుర్రం వీపంతా పలచగా చల్లాను. మా ఆయన కళ్లెం పట్టుకుని నిలబడ్డాడు.

"రొట్టెలు గుర్రం మీదనే జేస్తవా?" అన్నాడు.

"నువ్వు జర కదలకుండ నిలబడు. గుర్రం నయం, నిలబడ్డది," అన్నాను.

ఉత్త జీను మెల్లగా పెట్టించి, చేతులతో అదిమించి, నిలువునా పైకి లేపించాను. మూపు ఎముక మీద పిండి మొత్తం చెరిగిపోయింది. వెనక గుంటల్లో చల్లింది చల్లినట్టే ఉంది, అక్కడ జీను తగలనే లేదు. నడుము వైపు జీను సరిగ్గానే ఆనింది. అంటే వీపు నిండా మెత్త అక్కర్లేదు. ముందు సగానికి చాలు, అదీ గుంటలు నిండేటంత మందం. వెన్నుపూస మీద ఏమీ ఆనకూడదు. రెండు పక్కలకు రెండు ముక్కలు, నడుమ గాలి ఆడేంత సందు, అంచులు పలచగా. మనసులోనే కుట్టేశాను.

కావలసింది మెత్తటి ఉన్ని. గంజి అంతా పోయి, వానల్లో నాని నాని దూదిలా అయిన గొంగడి ఇంట్లో ఒక్కటే ఉంది. మామది. కత్తెర పెట్టాను.

"నా గొంగడి కోసిందా!" ఇల్లు అదిరిపోయింది.

"అత్తమ్మా, కొత్తది మామను కప్పుకొమ్మను. గంజిని మనిషి ఓర్సుకుంటడు, గుర్రం ఓర్వది!"

మామ రెండు రోజులు అత్తమ్మతో కూడా మాట్లాడలేదు. నేను మాత్రం కూర్చుని కుట్టాను. ఒక్క ముడి కూడా లోపలి వైపు రానీయలేదు. ఇప్పటి పిల్లలను కుట్టమనండి చూస్తాను!

మెత్త వేసి మామ చేనికి పోయి వచ్చిన రోజు జీను దింపగానే నేనే పోయి చూశాను. రెండు పక్కలా చెమట ఒకే తీరుగా పట్టింది. ఎక్కడా ఒరిపిడి లేదు, వెంట్రుక కూడా విరగలేదు. మామ వీపంతా తడిమి తడిమి చూశాడు. ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు. నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను.

దసరా దాటింది. బేరగాడు రానే వచ్చాడు. వీపు నిమిరి, పళ్లు చూసి సంబరపడ్డాడు.

"పుండన్నరు, ఏడున్నది పటేలా? మస్తుగున్నది. ఇయ్యాల్నే తోల్కపోత!"

తలుపు చాటున నిలబడి నన్ను నేనే తిట్టుకున్నాను. పుండుతో ఉంటే వాడు వెనక్కి పోయేవాడేమో. వాడికి నచ్చేలా బాగు చేసింది నేనే కదా! ఇచ్చిన మాట ఇచ్చిందే అంటాడు మా మామ, ఎప్పుడూ తప్పలేదు.

మామ గుర్రం వీపు మీద చెయ్యి వేశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"అమ్ముతనన్నది పుండుబడ్డ గుర్రాన్ని. దాన్ని లేపి నిలబెట్టింది నేను గాదు, మా కోడలు. గుర్రం ఆమెది. ఆమెనడుగు."

బేరగాడు నవ్వుతూ తలుపు వైపు తిరిగాడు. "ఏమంటవమ్మా, ఇస్తవా?"

అత్తమ్మ వెనక నుంచి నా నడుం మీద ఒక్క పొడుపు పొడిచింది. కొంగు సర్దుకుని గడప దాటాను. అంతమంది మగవాళ్ల ముందు నిలబడి, నా గొంతు ఊరంతా వినబడేలా చెప్పాను.

"ఇయ్య. మా మామ చేనుకు పోవాలె."